జమ్మికొమ్మ కింది ముసలమ్మ

నేను జీవితంలో ఒకే ఒక్క నవల రాశాను. అట్ట మీద నా పేరు లేదు, మారుపేరు ఉంది. ఆ పేరు ఇప్పుడు చెప్పినా గుర్తుపట్టేవాళ్ళు ఉండరు. మాంత్రికుడు, మాట్లాడే కత్తి, రాజకుమారుడు, మంత్రగత్తె ఉన్న జానపద నవల. యాభైలలో అలాంటివి రైల్వే స్టేషన్లలోనూ సంతల్లోనూ తెగ అమ్ముడుపోయేవి. చేతులు మారి, అట్ట ఊడి, చివరికి శనగలు పొట్లం కట్టే కాగితాలయ్యేవి. నాదీ అలాగే అయి ఉంటుంది. అందుకు బాధ లేదు. ఆ నవల వల్ల ఒక పెద్దమనిషి తాను ఇరవై ఏళ్ళుగా కూర్చునే చోటు పోగొట్టుకున్నాడు. ఇది ఆ సంగతి.

పద్దెనిమిదో ఏట నుంచి నాకు డైరీ రాసే అలవాటు. ఆ రోజు ఎండ, వాన, బడికి వచ్చిన పిల్లల సంఖ్య, వచ్చిన ఉత్తరాలు, చదివిన పుటలు. ఇంతే రాసేవాణ్ణి. ఉద్యోగం నుంచి దిగిపోయాక వాటన్నిటికీ వరుస నంబర్లు వేసి బీరువాలో పెట్టాను. ఇది రాయడానికి నా మొదటి ఉద్యోగం నాటి మూడేళ్ళ నోటు పుస్తకాలు తీసి ముందు పెట్టుకున్నాను. వాటిలో ఉన్నదెంతో లేనిదెంతో చూస్తూ రాస్తున్నాను.

మాది రాజంపేట వైపు. బడిపంతులుగా మొదటి ఉద్యోగం కోడుమూరుకు కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న ఒక నేత ఊళ్ళో. ఊరంటే మూడు వీధులు. ఏ వీధిలో నడిచినా మగ్గాల చప్పుడే. కన్నడం, తురకం కలిసిన వాళ్ళ మాట మొదట్లో నాకు వింతగా ఉండేది. నా మాట వాళ్ళకు ఇంకా వింతగా ఉండేది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎవరైనా పని మీద కర్నూలు వెళ్ళి వస్తే డేరాలలో నడిచే ఆఫీసుల గురించి తిరునాళ్ళ కబుర్లలా చెప్పేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. సీమలో చాలాచోట్ల ఉన్నదే. ఆషాఢం దాటినా వాన పడకపోతే పాండవుల అజ్ఞాతవాసం కథ చదివిస్తారు. అమ్మవారి గుడి ముందు చప్పరం వేసి, మట్టికుండలో జమ్మికొమ్మ నాటి, దాని పక్కన ఇద్దరు కూర్చుంటారు. ఒకరు పుస్తకం చూసి పద్యం రాగం తీసి చదువుతారు. రెండోవారు నల్లకంబళి మీద కూర్చుని దానికి అర్థం చెబుతారు. నూలు సరిగా అందని రోజులు కాబట్టి మధ్యాహ్నానికే మగ్గాలు ఆగేవి. నాలుగు గంటలకు చదువు మొదలై, పొద్దు వాలేసరికి ముగిసేది.

అంతకుముందు పద్యం చదివే మనిషికి చూపు మందగించింది. నేను ఊళ్ళోకి వచ్చిన ఏడాదే కులపెద్ద బడికి వచ్చి అడిగాడు.

"ఏమప్పా అయివారూ, పద్యం సదవడం వస్తాదా నీకు?"

"వస్తుంది."

"రాగం?"

"కొంచెం."

"ఇంగేం. వాన పడితే నీ పుణ్యం, పడకుంటే దేవుని కర్మ. రేపట్నుంచి రా."

అలా నేను చప్పరం కిందికి చేరాను. నా పక్కన కంబళి మీద కూర్చున్నది ఒక నేతగాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. అక్షరం ముక్క రాదు. చిన్నప్పటి నుంచి విని విని ఏ పద్యానికి ఏ అర్థమో అంతా గుండెలో పెట్టుకున్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నేను చదివిన పద్యం ఎక్కడైనా తడబడితే నావైపు చూడకుండానే సరైన మాట అందించేవాడు. ఊళ్ళో ఎవరికి ఎన్ని మగ్గాలు ఉన్నా, పెండ్లిలో ఎవరికి మొదటి తాంబూలం ఇచ్చినా, చదువు సాగే తొమ్మిది రోజులు కంబళి మాత్రం ఆయనది. ఆయనకు కొడుకులు లేరు. ఇల్లు, ముసలి భార్య, ఒక మగ్గం, ఆ కంబళి. అంతే ఆయన ఆస్తి.

కథలో పాండవులు ఆయుధాలు దాచే ఘట్టం వస్తుంది. ఆయుధాలన్నీ శవంలా మూటగట్టి జమ్మిచెట్టుకు వేలాడదీస్తారు. పద్యాలు అక్కడితో ముందుకు పోతాయి. పెద్దాయన పోడు. నాకు చెయ్యి ఊపి ఆపమని, జనం వైపు తిరిగేవాడు.

"మూట గట్టినారు. పాండవులు పాయిరి. బాగుంది. ఏడాది పొడుగునా ఆ చెట్టు కాడికి ఎవురూ రాల్యా? ఒగామె వచ్చె. ముసల్ది. ఆయమ్మకు ఒగడే కొడుకు. గొడ్లు తోలుకోని అడివికి పాయినోడు మళ్ళీ రాల్యా. ఎతుక్కుంటా ఎతుక్కుంటా వచ్చి కొమ్మకు యాలాడే మూట జూసె. నా కొడుకే అనుకునె. కింద బెడితే నక్కలు పీకుతాయని ఏ పుణ్యాత్ములో పైన గట్టినారు అనుకునె. ఆడనే కూసునె."

ఆ ముసలమ్మ రోజూ పొద్దున్నే పైకి చూసి అనేదట, "లేసినావా నాయనా, మొగం కడుక్కో." అది కరువు ఏడు. ఆకు రాలిపోతే కొడుక్కి ఎండ తగులుతుందని, ఎండిన వాగులో చెలమ తవ్వి, చెంబుతో నీళ్ళు తెచ్చి చెట్టు మొదట్లో పోసేదట. మూటలో ఉన్న విల్లు దేవలోకం నుంచి వచ్చింది కదా, దానికి ఆమె మాటలు వినబడేవట. ఏడాది తిరిగాక అర్జునుడు ఆడవేషంలో వచ్చి మూట దించబోతే ఆమె అడ్డం నిలబడి అడుగుతుంది, "నా కొడుకును యాడికి తీస్కపోతాండావు?"

"అర్జునుడు శానా యుద్ధాలు జూసినాడు గానీ ఆ మాటకు ఆయప్పకాడ జవాబు లేకపాయె," అని పెద్దాయన ఆగేవాడు. తర్వాత అర్జునుడు ఆమెతో ఏదో అంటాడు. ఆ మాటలు నాకిప్పుడు గుర్తు లేవు. ఆ రోజు డైరీలో ఎన్ని పద్యాలు చదివానో ఉంది, ఎంతమంది వచ్చారో ఉంది, "అర్థం బాగా చెప్పారు" అని ఉంది. ఆ మాటలు లేవు. అవి వినగానే ఆడవాళ్ళు ఒక్కొక్కరూ కళ్ళు తుడుచుకుంటూ లేచి, ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబుతో జమ్మికొమ్మకు నీళ్ళు పోసేవాళ్ళు. అర్జునుడి తండ్రి ఇంద్రుడు. తన కొడుకు విల్లుకు ఏడాది నీడ ఇచ్చిన ఆ ముసలమ్మను తలచుకుంటే ఆయన మేఘాన్ని పంపకుండా ఉండలేడని వాళ్ళ నమ్మకం.

నేను చదివే పుస్తకంలో ఆ ముసలమ్మ లేదు. మరుసటి రోజు అడిగాను.

"ఈ కథ ఎక్కడిది పెద్దాయనా?"

"మాయమ్మ చెప్పింది. ఆదోని పక్క పల్లె మాయమ్మది. వాళ్ళమ్మ చెప్పిందంట."

"పుస్తకంలో లేదే."

"రాసేటోడు మగోడు గదప్పా," అని నవ్వాడు. "ముసల్ది వాని కంటికి యాడ ఆనతాది?"

ఆ ఏడు వాన పడింది. ఆ శీతకాలంలో నేను నవల మొదలుపెట్టాను.

ఆ రోజుల్లో మేం చదివిన జానపద నవలలన్నీ పురాణాల పొట్టలోంచి పుట్టినవే. మాంత్రికుడు ఎవరు? తపస్సు చేసి వరం పొందిన రాక్షసుడు. వరంలో ఒక లొసుగు ఉంటుంది, దాన్ని కథానాయకుడు కనిపెట్టాలి. గుహలో కాళికావిగ్రహం, బలి ఇవ్వడానికి మంచి ముహూర్తం, శాపంతో రాయి అయిన రాకుమారి, దేవతలు ఇచ్చిన ఖడ్గం. పురాణం వినేవాడు ఆ రాక్షసుడి చావులో దేవుడి న్యాయం చూసేవాడు. నవల చదివేవాడు కత్తి ఎలా తిరిగిందో చూసేవాడు. అప్పట్లో నేను దీన్ని గొప్ప నేర్పు అనుకున్నాను. గుళ్ళోంచి విగ్రహాన్ని తీసి, దీపం కాంతి మాత్రం మిగిల్చినట్టు రాయగలనని గర్వపడ్డాను.

పెద్దాయన చెప్పిన జమ్మిచెట్టును నవలలో పెట్టాను. మూటలో మాట్లాడే కత్తి ఉందన్నాను. మొదటి ప్రతిలో ముసలమ్మ ముసలమ్మగానే ఉంది. మద్రాసులోని ప్రచురణకర్త చదివి ఉత్తరం రాశాడు. అన్నీ బాగున్నాయి, ముసలమ్మ ఏడుపు దగ్గర మాత్రం కథ నిలిచిపోతోంది, ఆమెను మంత్రగత్తె చేయండి, పాఠకుడు భయపడాలి, తర్వాత నవ్వాలి అన్నాడు. ఒక్క ఆదివారం కూర్చుని మార్చేశాను. డైరీలో ఉంది: "పదకొండో ప్రకరణం సవరించాను. తలనొప్పి." మంత్రగత్తె రోజూ మూటను చూసి "లేసినావా నాయనా, మొగం కడుక్కో" అంటుంది. ఆ మాటను మాత్రం మార్చలేదు, అంత బాగుంది కనుక. రాజకుమారుడు కత్తి తీసుకుని, దాని బదులు తానే మూటలో దూరి, "కడుక్కోను పో!" అని అరుస్తాడు. మంత్రగత్తె దడుచుకుని వెల్లకిలా పడి చస్తుంది.

మారుపేరు ఎందుకంటే, బడిపంతులు దయ్యాల కథలు రాస్తే పైవాళ్ళు ఏమంటారోనని. ముందుమాటలో ఒక వాక్యం రాశాను. ఈ కథ ఎక్కడి నుంచీ తీసుకున్నది కాదనీ, ఆమూలాగ్రం నా కల్పన అనీ. ఎవరూ అడగలేదు. ప్రచురణకర్త కూడా అడగలేదు. నా అంతట నేనే రాశాను.

పుస్తకం రెండో ఏడు వచ్చింది. ఆరు ప్రతులు నాకు పంపారు. వాటిని రేకుపెట్టె అడుగున బట్టల కింద పెట్టాను. ఏడో ప్రతి నా ప్రమేయం లేకుండానే ఊళ్ళోకి వచ్చింది. నూలు పంచే సంఘంలో ఒక గుమాస్తా ఉండేవాడు. ఎనిమిదో తరగతి దాకా చదివిన పడుచువాడు, ఎకసెక్కాల మనిషి. కర్నూలు వెళ్ళినప్పుడు కొనుక్కొచ్చాడు. ఆడవాళ్ళు అరుగుల మీద రాట్నాలు పెట్టుకుని కండెలకు నూలు చుడుతుంటే, వాళ్ళ మధ్య కూర్చుని గొంతులు మార్చి చదివి వినిపించాడు. వారం రోజుల్లో వీధి అంతా అదే మాట. ఎవరైనా ఎవరికైనా పని చెప్తే "కడుక్కోను పో!" అని జవాబు. భార్య భర్తను అన్నానికి పిలిస్తే "కడుక్కోను పో!" నేను బడి నుంచి ఇంటికి నడుస్తూ ఆ నవ్వులు వింటూ, నాలో నేను పొంగిపోయేవాణ్ణి. పెద్దాయన ఇల్లు వీధి ఆ చివర. అక్కడికి ఆ నవ్వు చేరిందో లేదో నేను ఆలోచించలేదు.

ఆ ఏడు వాన పట్టలేదు. శ్రావణం సగం గడిచినా మబ్బు లేదు. కొర్ర, జొన్న మొలకలోనే వాడాయి. చప్పరం వేశారు. నేను, పెద్దాయన ఎప్పటిలా కూర్చున్నాం. రెండో రోజు ఆయుధాల ఘట్టం. పద్యం ముగించాను. పెద్దాయన చెయ్యి ఊపి, జనం వైపు తిరిగాడు. "ఒగామె వచ్చె," అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది. అప్పటిదాకా తట్టలేదంటే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మను. కానీ అదే నిజం.

కథలో ముసలమ్మ చెట్టు కింద కూర్చుంది. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దాయన గొంతు తగ్గించి, తల పైకెత్తి, కొమ్మ వైపు చూస్తూ అన్నాడు, "లేసినావా నాయనా, మొగం కడుక్కో."

వెనక నుంచి గుమాస్తా గొంతు వినబడింది. "కడుక్కోను పో!"

చప్పరం కూలిపోతుందా అన్నంత నవ్వు. ఆడవాళ్ళు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకామె చేతిలోని చెంబు ఒలికింది. పెద్దాయనకు అర్థం కాలేదు. తన కండువా ఏమైనా జారిందా అన్నట్టు ఒంటి వైపు చూసుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టబోయాడు. మళ్ళీ నవ్వారు.

కులపెద్ద లేచాడు. "ఎవుర్రా అది? వానకు సదివిస్తాంటే నగుతారా?"

గుమాస్తా ముందుకు వచ్చాడు. "నేను నగలేదు మామా. నవ్విచ్చింది పెద్దాయన. కతల బుక్కులోది తెచ్చి పురాణంలో కలుపుతాండాడు. ఇదో, బుక్కు నా దగ్గరే ఉండాది." అంగీ లోపలి నుంచి పుస్తకం తీశాడు. ముందుమాట తెరిచి, నా వాక్యాన్ని ఒక్కొక్క మాటా గట్టిగా చదివాడు. "ఎక్కడినుంచీ తీసుకున్నది కాదంట. రాసినాయన పుట్టించిన కతంట. ఇన్నేండ్ల నుంచి చెప్తాండాడంటారా, ఈ బుక్కు ఎన్నేండ్లదో ఎవురికి తెల్సు? మరి పెద్దాయనకు యాడినుంచి వచ్చె?"

"మాయమ్మ చెప్పిందిరా," అన్నాడు పెద్దాయన.

"మీయమ్మ మద్రాసులో బుక్కులు రాస్తాండెనా తాతా?"

మళ్ళీ నవ్వు. ఈసారి తక్కువ. కులపెద్ద ముఖంలో భయం కనబడింది. వాన కోసం చదివించే చోట దయ్యం కథ కలిపితే ఏమవుతుందో అన్న భయం. ఆయన నావైపు తిరిగాడు.

"అయివారూ, నీ ముందర ఉండే పురాణంలో ఆ ముసల్ది ఉండాదా?"

అందరూ నన్ను చూశారు. పెద్దాయన కూడా చూశాడు. ఆయన చూపులో బెదురు లేదు. నేను ఉన్నాను కదా అన్న ధీమా ఉంది. కథ ఎక్కడిదని నేను ఒకసారి ఆయన్ని అడిగాను, ఆయన చెప్పాడు, అది నాకు తెలుసు.

"ఇందులో లేదు," అన్నాను.

అది నిజమే. ఆ నిజం తర్వాత ఇంకొక వాక్యం చెప్పాలి. ఆ నవల రాసింది నేను, ఈయన నోట విని రాశాను అని. నాలుక చివరిదాకా వచ్చింది. దయ్యాల కథ రాసిన పంతులు పురాణం చదివితే వాన ఎలా పడుతుందని నన్ను అడుగుతారు. గుమాస్తా నన్నూ ఆట పట్టిస్తాడు. రెండో నవలకు ప్రచురణకర్త అప్పటికే ఉత్తరం రాశాడు. ఇవన్నీ ఒక్క క్షణంలో తోచాయి. పుట తిప్పి, తర్వాతి పద్యం మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు కర్నూలు నుంచి ఒక పండితుణ్ణి పిలిపించారు. కంబళి తీసి ఆయనకు చాప వేశారు. ఆయన బాగా చెప్పాడు. ఆయుధాల ఘట్టం మొదటి నుంచి మళ్ళీ చదవమన్నాడు. పుస్తకంలో ఉన్నదే చెప్పి ముందుకు పోయాడు. పెద్దాయన జనంలో వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆ ఒక్క రోజే వచ్చాడు. ఆరో రోజు సాయంత్రం పడమట మబ్బు లేచి, చప్పరం గడ్డి కొట్టుకుపోయేంత వాన కురిసింది. జనం తడుస్తూ గంతులు వేశారు. దానితో తీర్పు అయిపోయింది. తప్పు అర్థం తీసేశారు, వాన పడింది. ఎవరూ పెద్దాయన్ని ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

పది రోజుల తర్వాత పెద్దాయన కబురు పెట్టాడు. వెళ్ళాను. మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆపి పైకి వచ్చాడు. ఆయన భార్య మూలన రాట్నం దగ్గర కండెలు చుడుతోంది.

"అయివారూ, ఒగ జాబు రాయల్ల."

"ఎవరికి?"

"ఆ బుక్కు రాసినాయనకు."

నా చేతిలో కలం ఉంది కాబట్టి తలవంచి దాన్ని చూస్తూ ఉండిపోయాను. ఆయన ముఖంలో కొన్ని రోజులుగా లేని వెలుగు ఉంది.

"నేను శానా ఆలోసన జేసినా. నాకు సదువు రాదు. ఆ బుక్కు నేను సూడనే లేదు. అట్లయితే ఆయనకు మాయమ్మ కత యెట్ల తెలిసె? ఆయప్ప గూడ ఆ పక్కోడే అయివుంటాడు. వాళ్ళమ్మ జెప్పింటాది. నేను పుట్టిచ్చింది గాదని చెప్పడానికి ఇంగొక మనిసి ఉండాడు ఈ బూమ్మీద. రాయి."

చెబుతూ పోయాడు, రాస్తూ పోయాను. మీరు రాసిన ముసల్దాని కత మాయమ్మ చెప్పిన కత. మీది యా ఊరు. మీకు ఎవురు చెప్పిరి. మంత్రగత్తెను జేసినారంట, కోపం లేదు, బుక్కుకు అట్లే ఉండల్లేమో. మా ఊరికి ఒగసారి వచ్చి, ఈ కత ముందునుంచీ ఉండాదని నలుగురి ముందర ఒగ మాట చెప్పి పోండి. మా ఇంట్లోనే దిగండి. జొన్నరొట్టె తింటారనుకుంటా.

"ఆ ఆకరిది కొట్టేయి," అంది ఆయన భార్య మూల నుంచి. "బుక్కులు రాసేటోళ్ళు బియ్యపన్నం తింటారు. వండి పెడతానని రాయి."

అలాగే రాశాను. పోస్టు చేస్తానని జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ ఉత్తరం ఎవరికి చేరాలో వాళ్ళ చేతిలోనే ఉంది.

ప్రతి వారం అడిగేవాడు. బడి గుమ్మం దగ్గర, సంతలో. "జాబు వచ్చినాదా?" "ఇంకా లేదు." "దూరం గదా." ఒకసారి, "అచ్చాపీసోళ్ళు ఆయప్పకు ఇచ్చినారో లేదో," అన్నాడు. ఇంకోసారి, "ఒంట్లో బాగలేదేమో పాపం," అన్నాడు. నాకోసం ఆయన జాలిపడటం నేను నిలబడి విన్నాను. డైరీలో ఆ రెండు నెలలూ "పె. అడిగారు" అని తొమ్మిది చోట్ల ఉంది. అంతకుమించి ఒక్క మాట లేదు.

పదోసారి ఆయనే ఇంటికి రమ్మన్నాడు. ఇంకొక జాబు రాద్దామన్నాడు. చాప మీద కూర్చున్నాను. కాగితం తీయలేదు.

"పెద్దాయనా, ఆ పుస్తకం రాసింది నేనే."

ఆయన నవ్వాడు, నేను ఏదో హాస్యం ఆడుతున్నాననుకుని. తర్వాత నా ముఖం చూసి ఆపాడు. అంతా చెప్పాను. ప్రచురణకర్త ఉత్తరం, ఆదివారం, ముందుమాట. రాట్నం ఆగింది.

"ఏమయ్యా అయివారూ," అంది ఆమె, "ఆ పొద్దు అందురూ నగుతాంటే నోట్లో ఏం పెట్టుకోనుంటివి?"

ఆమె ఇంకేదో అనబోతే పెద్దాయన చెయ్యి ఎత్తాడు. నా మీద కోప్పడతాడని ఎదురుచూశాను. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన ఆలోచిస్తున్నది నా గురించి కాదు.

"అంటే ఆయప్పకు వాళ్ళమ్మ చెప్పల్యా."

"లేదు. మీరే చెప్పారు."

"ఇంగెవురికీ తెలీదన్నమాట ఆ కత."

నేను తల దించుకున్నాను.

"అట్లయితే వాళ్ళన్నదీ నిజమేనేమో," అన్నాడు నెమ్మదిగా. "మాయమ్మ పుట్టిచ్చిందేమో. నేను ఏడుస్తాంటే ఊరకుండేదానికి చెప్పిందేమో. అదే పురాణం అనుకోని ఇన్నేండ్లు చెప్తి."

రెండు నెలలు ఆయనకు ఒక సాక్షి ఉన్నాడు. నేను నిజం చెప్పి ఆ సాక్షిని కూడా తీసేశాను. అంతకుముందు ఆయన్ని నమ్మనిది ఊరు. ఆ రోజు నుంచి ఆయనకు తన తల్లి మాట మీదే అనుమానం వచ్చింది. ఈ విషయం నాకు అప్పుడే, ఆ చాప మీదే అర్థమైంది. తర్వాత ఎన్ని ఏళ్ళు ఆలోచించినా ఇంతకన్నా ఎక్కువ అర్థం కాలేదు.

"కులపెద్దతో చెబుతాను," అన్నాను లేస్తూ. "ఇప్పుడే వెళ్ళి చెబుతాను."

"చెప్పుపో," అన్నాడు.

వెళ్ళాను. కులపెద్ద అరుగు మీద వక్క కత్తిరిస్తూ కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను, ఆగితే చెప్పలేనని. ఆయన అంతా విని, అడకత్తెర పక్కన పెట్టి, నా భుజం మీద తట్టాడు.

"భలేవాడివప్పా. ముసలాయన మీద జాలితో ఎంత కత అల్లినావు! నువ్వా, దయ్యాల బుక్కు రాసేది? నీ బళ్ళో పిల్లోళ్ళే నిన్ను జూసి బయపడరు."

"నిజం చెబుతున్నాను."

"సరేలేప్పా. వాన పడె గదా. పంట చేతికొచ్చె గదా. ఇంగా ఆ మాటెందుకు? పెద్దాయన గూడ పెద్దోడాయె, ఎండలో కూసోలేడు. పండితుడు వచ్చే ఏడు గూడ వస్తానన్నాడు. కూసో, మజ్జిగ తాగు."

నా రేకుపెట్టెలో ఆరు ప్రతులున్నాయి. ప్రచురణకర్త ఉత్తరాలున్నాయి, మారుపేరుతో సహా, నా బడి చిరునామాకు వచ్చినవి. నా చేతిరాతతో కొట్టివేతలున్న పదకొండో ప్రకరణం ఉంది. ఇల్లు వంద గజాల దూరం. వెళ్ళి తెచ్చి ఆ అరుగు మీద పరిస్తే చాలు. నేను మజ్జిగ తాగాను. తాగుతుంటే నా ఒళ్ళు తేలికపడింది. అది మజ్జిగ చలువ కాదని నాకు తెలుసు. చెప్పాను, నమ్మలేదు, ఇక నా తప్పు లేదు అన్న తేలిక అది.

తిరిగి పెద్దాయన ఇంటికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండవచ్చు, కానీ వెళ్ళాను. ఆయన గుమ్మంలోనే ఉన్నాడు.

"చెప్పినావా?"

"చెప్పాను."

"ఏమనె?"

"నమ్మలేదు."

ఆయన నన్ను కాసేపు చూశాడు. పుస్తకం చూపించలేదా అని అడుగుతాడని భయపడ్డాను. అంత చిన్న ప్రశ్న. ఆయన భార్య కూడా రాట్నం మీద చెయ్యి పెట్టి, తిప్పకుండా, నావైపే చూస్తోంది. ఇద్దరూ అడగలేదు. పెద్దాయన లోపలికి వెళ్ళి మగ్గం గుంతలోకి దిగి, తెగిన పోగు ఎక్కడుందో వేళ్ళతో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. నేను గుమ్మంలో ఇంకా కొంచెంసేపు నిలబడ్డాను. అడిగి ఉంటే తెచ్చేవాణ్ణే అని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను.